డెంగ్యూ జ్వరంలో రక్తం ఎందుకు గడ్డకట్టదు?

వర్షాకాలం ప్రవేశించి పూలకుండీల క్రింది పళ్ళెములలోను, మిద్దెపై పారవేసిన పాత టైర్లలోను నీరు నిలిచినది మొదలు మా వైద్యశాలలో వినవచ్చే ప్రశ్న ఒక్కటే. "అయ్యా, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఏ పసరు తాగితే పెరుగుతాయి?" దానికి తోడు "రక్తం నీళ్ళలా పలచబడిపోయిందట" అని ఆందోళన. ఈ రెండవ మాట వినినప్పుడెల్ల నాకు విచారం కలుగుతుంది. ఏలననగా, డెంగ్యూ ప్రాణం మీదికి వచ్చేది సాధారణంగా రక్తం పలచబడినప్పుడు కాదు, చిక్కబడినప్పుడు.

రక్తస్రావంతో కూడిన వైరస్ జ్వరాలు పెక్కు ఉన్నవి. కర్ణాటకలోని శివమొగ్గ అడవులలో 1957లో బయటపడిన క్యాసనూరు అటవీ వ్యాధి, ఆఫ్రికాను వణికించిన ఎబోలా ఈ కోవలోనివే. మన ఇళ్ళకు వచ్చేది మాత్రం పగటిపూట కుట్టే ఈడిస్ దోమ తెచ్చే డెంగ్యూ. రక్తస్రావంతో కూడిన డెంగ్యూను మనీలా నగరంలో 1953–54 ప్రాంతంలో వైద్యులు గుర్తించారు. కలకత్తాలో 1963లోను, ఢిల్లీలో 1996లోను అది ప్రబలినది. ఆనాటి ఢిల్లీలో 10,000కు పైగా వ్యాధిగ్రస్తులు, 400కు పైగా మరణాలు నమోదైనవి.

రక్తం గడ్డకట్టే విధానం తెలియనిదే ఈ వ్యాధి స్వభావం బోధపడదు. గోదావరి గట్టుకు గండి పడినప్పుడు ఏమి చేస్తారో స్మరించండి. ముందు ఇసుక బస్తాలు వేస్తారు. తరువాత వాటిని కదలనీయకుండా తడికెలు కట్టి బిగిస్తారు. రక్తనాళానికి గాయమైనప్పుడు ఆ బస్తాల వంటివి ప్లేట్‌లెట్లు. ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి 1,50,000 నుండి 4,50,000 వరకు ఉంటాయి. వాటిపై వల అల్లే తడిక ఫైబ్రిన్ అనే పోగు. దానికి మూలమైన ఫైబ్రినోజన్ కాలేయంలో తయారవుతుంది. బస్తాలు, తడికెలు రెండూ ఉన్నా, గట్టు మట్టియే నానిపోతే పని జరుగదు. రక్తనాళపు లోపలి పొర ఆ గట్టు.

డెంగ్యూ ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది. ఎముకల మూలుగులో ప్లేట్‌లెట్ల ఉత్పత్తి మందగిస్తుంది. ఉన్నవి కూడా శరీరపు రక్షణశక్తి పొరపాటున నశించిపోతాయి. కాలేయం వాచి ఫైబ్రినోజన్ తగ్గుతుంది. అన్నిటికన్న ముఖ్యంగా, నాళపు లోపలి పొర సడలి, రక్తంలోని ద్రవభాగం పొట్టలోనికి, ఊపిరితిత్తుల చుట్టూ గల పొరలలోనికి ఊరిపోతుంది. ఎర్రకణాలు మాత్రం నాళంలోనే మిగిలి రక్తం చిక్కబడుతుంది. ప్రయోగశాలవారు పి.సి.వి. అని వ్రాసే సంఖ్య దీనినే తెలుపుతుంది. 40 ఉన్నవారికి అది 48 అయితే, అనగా అయిదవ వంతు పెరిగితే, ఊట బలంగా ఉన్నదని గ్రహించాలి. ఈ స్థితి గమనించక కాలయాపన చేస్తే రక్తపుపోటు పడిపోతుంది. అవయవాలకు రక్తం అందక, శరీరమంతటా సూక్ష్మనాళాలలో అక్కరలేని చిన్న గడ్డలు ఏర్పడతాయి. బస్తాలు, తడికెలు అన్నీ ఆ వ్యర్థపు పనికే ఖర్చయి, నిజమైన గండికి ఏమీ మిగలదు. భయంకరమైన రక్తస్రావం తరచు అప్పుడే మొదలవుతుంది.

ఇది నేను గ్రంథాలలో చదివి ఊరుకున్న విషయం కాదు. 2010 భాద్రపదంలో మా చెల్లెలి కుమారునికి, తొమ్మిదేళ్ళవానికి, డెంగ్యూ సోకినది. వైద్యం నాదే. అయిదవనాటి ఉదయం ఒళ్ళు చల్లబడినది. "అన్నయ్యా, జ్వరం విడిచింది, స్నానం చేయించనా?" అని చెల్లెలు అడిగినది. "గండం గడిచిందమ్మా, ఒళ్ళు తుడిచి పథ్యం పెట్టు" అని చెప్పి నేను మరొక రోగిని చూడబోయాను. సాయంకాలం తిరిగివచ్చేసరికి పిల్లవాడు పొట్ట పట్టుకొని మూలుగుతున్నాడు. చేతులు మంచుముక్కలు. మధ్యాహ్నం నుండి మూత్రం లేదు. రక్తం ఒక్క బొట్టు కూడా ఎక్కడా కనబడలేదు. అదే నన్ను మోసపుచ్చినది.

ఆసుపత్రిలో చూడగా మూడవనాడు 38 ఉన్న పి.సి.వి. 49కి చేరినది. ప్లేట్‌లెట్లు 62,000, అంత భయపడవలసిన సంఖ్య కాదు. సెలైన్‌ను గంట గంటకు లెక్కకట్టి ఎక్కించి పిల్లవానిని గట్టెక్కించారు. విచిత్రమేమనగా, మరునాడు వాడు లేచి కూర్చుని కబుర్లు చెబుతున్నప్పుడు ప్లేట్‌లెట్లు 24,000కు దిగినవి. వాటిని ఎక్కించమని మా బావగారు పట్టుబట్టినా, అక్కడి వైద్యురాలు అంగీకరించలేదు. మూడు రోజులలో అవి తామే పెరిగినవి. ఆమె నిర్ణయం సరియైనదే. సింగపూరు, మలేషియాలలో పెద్దవారిపై జరిగి 2017లో ప్రకటితమైన పరిశోధనలో, ప్లేట్‌లెట్లు 20,000 లేక అంతకన్న తక్కువకు దిగినా, పెద్ద రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా వాటిని ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదని తేలినది.

కనుక గృహిణులు గుర్తుంచుకోవలసిన రోజు జ్వరం హెచ్చిన రోజు కాదు, దిగిన రోజు. సాధారణంగా మూడవనాటి నుండి ఏడవనాటి లోపల, జ్వరం తగ్గిన పిదప ఒకటి రెండు రోజులు జాగరూకతతో ఉండాలి. విడువని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, నల్లని విరేచనం, మగత లేక అకారణమైన చికాకు, చల్లని చేతులు, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనబడినా కషాయం కాచుతూ కూర్చోవద్దు. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

ఆయుర్వేదంలో దీనికి తావు లేదా అని పాఠకులు అడుగవచ్చు. రక్తపిత్త ప్రకరణంలో చరకాచార్యులు రక్తం పైమార్గాన, క్రిందిమార్గాన, ఉభయమార్గాల వెడలడాన్ని విభజించి, ఉభయమార్గాలదాన్ని అసాధ్యమన్నారు. ఆ గంభీరత మనం గ్రహించదగినది. సుశ్రుతాచార్యులు రక్తం నిలిపే ఉపాయాలు నాలుగు చెప్పారు: వగరు ద్రవ్యాలతో సంధానం, చల్లదనంతో స్కందనం, భస్మంతో పాచనం, కాల్చి దహనం. రక్తం గడ్డకట్టడాన్ని నేటికీ మనం స్కందనమనే అంటున్నాము. కాని ఆ నాలుగూ చేతికి అందే గాయానికి చెప్పినవి. డెంగ్యూలో ఊట శరీరమంతటా, కంటికి కనబడని చోట ఉంటుంది. అడ్డసరం ఆకు రసం రక్తపిత్తానికి ప్రసిద్ధమైన మందే అయినా, ఈ ఊటను అది ఆపుతుందని నేను చెప్పజాలను. బొప్పాయి ఆకు రసం సంగతీ అంతే. ప్లేట్‌లెట్లు కొంత త్వరగా పెరిగినట్లు కొన్ని అధ్యయనాలు తెలిపినా, ఊటను ఆపినట్లు, ప్రాణం నిలిపినట్లు ఋజువు లేదు. వాంతులవుతున్న పిల్లవానికి ఆ చేదు బలవంతాన పోసి, ఉన్న నీరు కూడా కక్కించడం నేను పలుమార్లు చూశాను.

ఇంటి వైద్యం నిజంగా పనికివచ్చేది దాహం తీర్చడంలో. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి సమంగా కలిపి దంచిన పొడి 12 గ్రాములు ముప్పాతిక లీటరు నీటిలో సగం మిగిలేలా కాచి, వడగట్టి, చల్లార్చి, కొద్దికొద్దిగా ఇచ్చే షడంగపానీయం నోటికి హితంగా ఉంటుంది. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీరు మంచివి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్ళకు వైద్యుని అనుమతి తీసుకోవాలి. రక్తం పడుతుందని దానిమ్మ, బీట్‌రూట్ రసాలు పోస్తారు. ఆ రోజులలో వద్దు. వాంతి ఎర్రగా అయినప్పుడు అది రసమో రక్తమో తేల్చుకోలేక వైద్యుడే తికమకపడతాడు. ఇనుము టానిక్కు విరేచనాన్ని నల్లబరుస్తుంది, అదీ ఆపవచ్చును.

ఒళ్ళునొప్పులకు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు వాడరాదు. అవి ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణాన్ని చెరచి, జీర్ణకోశంలో పుండు రేపుతాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలును. అదీ బరువుకు తగిన మోతాదులోనే, ఎందుకంటే కాలేయం అప్పటికే నలిగి ఉన్నది. కండకు ఇచ్చే సూదిమందులు కూడా వద్దు. సూది పడినచోట రక్తం లోపల గడ్డగా నిలుస్తుంది. గుండెజబ్బుకు నిత్యం ఆస్పిరిన్ వాడేవారు తమంత తాము మానక, మొదటి రోజే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

కోలుకునేటప్పుడు ఎర్రని దద్దుర్ల నడుమ తెల్లని మచ్చలు తేలి దురద పుడుతుంది, అది శుభసూచకమే. ఊరిపోయిన నీరు అప్పుడు తిరిగి రక్తంలోనికి వస్తుంది గనుక ద్రవాలను అతిగా త్రాగించవద్దు. పాతబియ్యపు అన్నం, పెసరకట్టుతో మొదలుపెట్టి ఆకలిని బట్టి పెంచండి.