కొలవకుండా కొనకు

భీమవరం

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ నాన్న తెచ్చి నా చేతిలో పెట్టాడు. మోటర్‌హోమ్‌లో జనరేటరు తెల్లారుజామున సెల్ఫ్ తీసుకోలేదనీ, అక్కడి మెకానిక్కు బ్యాటరీలూ చార్జింగు బోర్డూ అన్నీ మార్చాలన్నాడనీ, పిల్లకి సెలవులివ్వగానే యెల్లోస్టోన్ ప్రయాణమనీ రాశావు. అది విన్నప్పట్నుంచీ మీ అమ్మకి నిద్ర లేదు. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో, చలిలో పసిదాన్ని పెట్టుకుని చీకట్లో చిక్కుకుపోతారేమోనని ఆవిడ భయం. "బావగారు సరేనంటేనే వెళ్ళనివ్వండి" అని తీర్పు నాకొదిలేసింది.

నా తీర్పు వినే ముందు ఒక మాట విను. మీటరు పెట్టి కొలవకుండా ఒక్క సామాను కూడా కొనకు. జనరేటరు నడుస్తోంది, ఏసీ చల్లగా వస్తోంది కాబట్టి బ్యాటరీ కూడా చార్జవుతోందనుకుంటారు చాలామంది. ఆ రెండింటికీ దారులు వేరు. మీ బండిలో లైట్లూ ఫ్యానులూ నడిపే ఇంటి బ్యాటరీలకి కరెంటు మూడు దారుల్లో రావచ్చు. రోడ్డు మీద నడిపించే ఇంజను ఆల్టర్నేటరు ఒకటి. జనరేటరిచ్చే 120 వోల్టుల్ని 12కి దించి చార్జు చేసే కన్వర్టరు ఒకటి. కొన్ని సెట్లలో జనరేటరుకే తన సెల్ఫ్ తిప్పే బ్యాటరీ కోసం చిన్న చార్జింగు సర్క్యూటు ఒకటి. నీ సెట్టులో అది ఉందో లేదో దాని పుస్తకంలో చూడు. ఈ మూడింటిలో ఏది పడుకుందో తెలియకుండా బోర్డు మార్చడమంటే ఏ పన్ను నొప్పో అడక్కుండా పీకెయ్యడమే.

కొలిచే ముందు రోజు రాత్రి బండికి పెట్టిన ఇంటి కరెంటు ప్లగ్గు తీసెయ్. లైట్లూ ఫ్యానులూ ఆపెయ్. తెల్లారాక, ఇంజనూ జనరేటరూ ముట్టుకోకముందే, బ్యాటరీ పోస్టుల మీద మీటరు ముళ్ళు పెట్టు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 వోల్టులు దాటి ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కి దిగితే దాదాపు అడుగంటినట్టే. ఇది మొదటి అంకె. తర్వాత జనరేటరు స్టార్టు చేయిస్తూ చూడు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ మీద అనుమానపడొచ్చు. అది రెండోది. జనరేటరు కుదురుకుని, కన్వర్టరు అందుకున్నాక 13.6కీ 14.4కీ మధ్య రావాలి. అది మూడోది. ఇప్పుడు కన్వర్టరు బ్రేకరు ఆపి మళ్ళీ చూడు. అంకె పడిపోతే అప్పటిదాకా చార్జు చేసింది కన్వర్టరే. పడకుండా నిలిస్తే జనరేటరు సొంత చార్జింగు బతికే ఉంది. బ్రేకరు వేసినా తీసినా 12.5 దగ్గరే ఉంటే చార్జింగు రావడం లేదు. కానీ అప్పుడు కూడా బోర్డు కొనకు. ఎర్తు చూడు.

నాన్నా, ఎర్తు గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. ఎర్ర వైరుని అందరూ పట్టించుకుంటారు. నల్ల వైరుని ఎవరూ పలకరించరు. వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి కదా! మీ జనరేటరు రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది. దానికీ బండి చట్రానికీ సంబంధం ఒక్క ఎర్తు కేబులే. చట్రం నుంచి బ్యాటరీకి ఇంకో కేబులు. రెండు చివరలా బోల్టులు. నువ్వు బండి కొన్నది మిషిగన్ మనిషి దగ్గర. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ బోల్టుల కింద ఏం పేరుకుని ఉందో కళ్ళతో చూడకుండానే చెప్పగలను.

నీ వయసులో నేను చెరువుల మీద జనరేటరు సెట్లు చూసేవాణ్ణి. రొయ్యల చెరువులో నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లారే ముందే. ఆ వేళ కరెంటు పోతే, సెట్టు అందుకోకపోతే, ఏరేటర్లు ఆగిపోతాయి. వెలుతురొచ్చేసరికి రైతు అప్పులన్నీ తేలి ఉంటాయి. ఒక రాత్రి అలాగే సెల్ఫ్ కొట్టలేదు. రైతు ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పెట్టాడు, అయినా లేదు. మా మేస్త్రి ఏమీ మాట్లాడకుండా నల్ల కేబులు పట్టుకుని చేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. చట్రానికి బిగించిన లగ్గు దగ్గర చెయ్యి చురుక్కుమంది. ఎవరో సెట్టుకి కొత్తగా రంగు వేయించారు, ఆ రంగు మీదే లగ్గు బిగించారు. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా తేలేదాకా రుద్ది బిగిస్తే ఒక్క కొట్టుకి అందుకుంది. ఆ రైతు మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

మీ బండీ తెల్లారుజామునే మొరాయించింది చూడు. రాత్రంతా హీటరు ఫ్యాను 12 వోల్టుల మీదే తిరుగుతుంది. సరిగ్గా బ్యాటరీ అలిసిపోయిన వేళకే జనరేటరు దాన్ని బలమడుగుతుంది. పైగా క్యాంపుల్లో రాత్రిళ్ళు జనరేటరు నడపనివ్వరు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సగం దిగితే, నడపనిచ్చే గంటల్లోనే ఆ 50 తిరిగి ఎక్కాలి. ఎర్తు వదులుగా ఉంటే ఎక్కదు.

దాన్ని చూడ్డం చాలా తేలిక. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది జనరేటరు ఇంజను దిమ్మ మీద రంగు లేని చోట పెట్టి, కోడల్ని సెల్ఫ్ కొట్టమను. 0.2 వోల్టు దాటకూడదు. అర వోల్టు చూపిస్తే దొంగ దొరికినట్టే. ఇది నాలుగో అంకె. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

పానా పట్టేటప్పుడు ముందు నెగటివ్ విప్పు, ఆఖర్న అదే బిగించు. జనరేటరు నడుస్తుండగా బ్యాటరీ కేబులు మాత్రం విప్పకు. వోల్టేజి ఎగిరి డయోడ్లూ బోర్డులూ పోతాయి. చార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి దగ్గర నిప్పురవ్వ పడనివ్వకు. చేతికి ఉంగరం ఉంటే తీసి కోడలికివ్వు. కళ్ళకి అద్దాలు పెట్టుకో. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతుందో లేదో నొక్కి చూడు. అది పసిదాని కోసం.

బండి పనిలో పడి వేళకి తినడం మానెయ్యకు. పెద్దమ్మ ఆవకాయ కట్టి ఉంచింది, వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు.

నాలుగు అంకెలూ కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపు. ఎర్తు బోల్టు రుద్దాక ఇంకో ఫోటో. అవి చూసి సరేననిపిస్తే ఆ పూటే మీ అమ్మకి నేనే చెబుతాను, నిశ్చింతగా వెళ్ళనివ్వమని. బాగాలేకపోతే ఏ పార్టు కొనాలో అప్పుడు ఇద్దరం కలిసి తేల్చుకుందాం. డబ్బు తక్కువైతే దాచకుండా రాయి.

మీ పెదనాన్న