స్టార్టర్ రిలేకి ఒక డయోడ్

సముద్రం మధ్యలో బోటు ఇంజిన్ స్టార్ట్ కాకపోతే దిగి తోయలేం కదా! ఆ స్టార్టింగ్ సర్క్యూట్‌లో నాకు నచ్చిన విలన్ రిలే కాయిల్. కీ వదలగానే కరెంట్ ఠక్కున తెగుతుంది, కాయిల్ ఊరుకోదు; 12 వోల్టుల వైరు మీద వందల వోల్టుల స్పైక్ కొట్టగలదు. కీ స్విచ్ కాంటాక్టులు మాడతాయి, అదే లైన్‌లో ఉన్న జీపీఎస్ కూడా పోవచ్చు.

విరుగుడు: కాయిల్ రెండు కొసల మధ్య ఒక డయోడ్, గీత ఉన్న కాలు ప్లస్ వైపు. ల్యాబ్‌లో నేను తిరగేసి పెట్టాను, ఫ్యూజ్ టప్‌మంది. సరిగ్గా పెట్టినా చిన్న చిక్కుంది: కరెంట్ డయోడ్‌లో తిరుగుతూ మెల్లగా తగ్గుతుంది కాబట్టి రిలే ఆలస్యంగా వదులుతుంది. డయోడ్‌కి వరుసలో, ఎదురు దిశలో ఒక జెనర్ కలిపితే త్వరగా వదులుతుంది.

ఇంకోటి, ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ స్విచ్ ఆపొద్దు. ఆల్టర్నేటర్ కరెంట్‌కి దారి లేక వోల్టేజ్ ఎగిరి, దాని డయోడ్లే కాలిపోవచ్చు.