సుబేదారి డాబా మీద వాన లెక్క

సుబేదారి, నక్కలగుట్ట, వడ్డేపల్లి వైపు ఉండే ఉద్యోగుల్లో చాలామందికి ఇల్లు ఇక్కడ, చేను ఊళ్లో. పిల్లల చదువు కోసం హన్మకొండకు వచ్చినా పత్తిచేనో మిర్చితోటో నర్సంపేట దిక్కో పరకాల దిక్కో ఉంటుంది. ఇంకొందరి బతుకుదెరువే ఎండావానల మీద నడుస్తుంది. స్లాబులు వేయించే సైట్ సూపర్‌వైజర్లు, రంగులేసే మేస్త్రీలు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు ఆరుబయట దించుకునే వ్యాపారులు అలాంటివాళ్లే. వీళ్లందరికీ వాతావరణం గురించి రెండు ప్రశ్నలుంటాయి. రేపు ఏం జరుగుతుంది? ఇక్కడ ఇప్పటిదాకా ఏం జరిగింది? మొదటిదానికి హైదరాబాద్ వాతావరణ కేంద్రం జవాబు చెబుతుంది. రెండోదానికి డాబా మీద నాలుగు పరికరాలు పెట్టుకుంటే మనమే జవాబు చెప్పుకోవచ్చు. ఇంటి వాతావరణ కేంద్రం పనికొచ్చేది ఈ రెండో ప్రశ్నకే. దాని చేత జోస్యం చెప్పించబోయి, కుదరక, మూలన పడేసేవాళ్లు చాలామంది.

హన్మకొండలో భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థకు రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి, వాటి లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు. అయినా సొంతంగా వానను కొలిచే రెయిన్ గేజ్ ఎందుకంటే, వాన వీధికో తీరుగా పడుతుంది కాబట్టి. 2023 జులై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013 జులైలో వాజేడులో నమోదైన 517.5 మి.మీ. ఆ అంకెలు లోకానికి తెలిశాయంటే అక్కడ గేజ్‌లు ఉండబట్టే. గేజ్ లేని పక్క ఊళ్లో ఎంత కురిసిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

కొనేముందు ఒక్క సంగతి తేల్చుకోండి: మీ పనిలో ఏ నిర్ణయం ఈ అంకెల మీద ఆధారపడుతుంది? విత్తనం పెట్టడమా, స్లాబు వేయడమా, కూలీలను మధ్యాహ్నం ఎండలోంచి లేపడమా? జవాబును బట్టి పరికరం మారుతుంది. ఏమీ తేలకపోతే రెయిన్ గేజ్‌తో మొదలుపెట్టండి. దానికి ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ.

రెయిన్ గేజ్ ఇంట్లోనే తయారవుతుంది. నిటారు అంచుతో, మూతి అడ్డం 16 సెంటీమీటర్లున్న గరాటా తీసుకోండి. ఆ మూతి వైశాల్యం దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ శాఖ వాడే గేజ్ సైజుల్లో అదొకటి. కింద సీసాలో చేరిన నీళ్లు ప్రతి 20 మి.లీ.కి 1 మి.మీ. వాన అన్నమాట. కొలవడానికి మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి చాలు. సీసా మాత్రం పెద్దది పెట్టండి. రెండు లీటర్ల సీసా 100 మి.మీ. దగ్గర నిండి పొర్లుతుంది. మన దగ్గర జులై, ఆగస్టుల్లో ఆ మాత్రం వాన ఒక్క రాత్రిలో పడగలదు. ఐదు లీటర్ల క్యాన్ 250 మి.మీ. దాకా ఆగుతుంది. లక్ష్మీదేవిపేట వాన ఇదే గరాటాలో పడితే 13 లీటర్లు చేరేది. కాబట్టి పెద్ద వాన రోజు పడుకునేముందు ఒకసారి కొలిచి, రాసుకుని, ఖాళీ చేయాలి.

ఆటోమేటిక్ గేజ్‌లో చిన్న డొప్ప ఒకటి నిండగానే ఒరుగుతుంది, ఒరిగిన ప్రతిసారీ 0.2 మి.మీ. అలా లెక్క పడుతుంది. కొన్నిటిలో 0.3 కూడా ఉంటుంది. దీని గొప్పతనం సమయం చెప్పడంలో ఉంది. 2020 ఆగస్టులో హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి. అలాంటి సందర్భాల్లో రోజు మొత్తం కంటే గంటలో ఎంత పడిందన్నదే అసలు విషయం. 60 మి.మీ. రోజంతా ముసురుగా పడితే చేనుకు పండుగ, అదే గంటలో పడితే వీధి మునుగుతుంది. అయితే జోరువానలో డొప్ప ఒరిగే లోపలే కొన్ని నీళ్లు పక్కకు పోతాయి, అందుకని అది తక్కువ చూపిస్తుంది. నా మాటగా చెబుతున్నాను, ఆటోమేటిక్ ఉన్నా సరే, పక్కన చేతి గేజ్ ఒకటి ఉంచండి. మొత్తానికి చేతి గేజ్‌ను, సమయానికి మిషన్‌ను నమ్మండి.

పరికరం ఎంత ఖరీదైనదైనా పెట్టిన చోటు తప్పితే అంకె తప్పుతుంది. గేజ్ మూతి కంటే ఎంత ఎత్తున ఏ గోడ ఉందో, ఆ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో గేజ్ ఉండాలన్నది నియమం. మూతి కంటే పిట్టగోడ రెండడుగులు ఎత్తుంటే నాలుగడుగులు జరగాలి. అసలు చిక్కు నీళ్ల ట్యాంకుతో. వాస్తు ప్రకారం మనవాళ్లు ట్యాంకును నైరుతిలో పెడతారు, వానాకాలపు గాలీ నైరుతి నుంచే వస్తుంది. అంటే ఏటవాలుగా వచ్చే వానకు ట్యాంకే అడ్డం, దాని చాటు ఈశాన్యం వైపు పడుతుంది. డాబా చిన్నదైతే గేజ్‌ను వాయవ్యం మూలకో ఆగ్నేయం మూలకో జరపండి. ఇంటి ముందు చెట్టు, గోడ అడ్డం లేని ఖాళీ జాగా ఉన్న అదృష్టవంతులు మాత్రం నేల మీదే, మూతి అడుగు ఎత్తులో ఉండేలా పాతుకోవాలి. డాబా మీద గాలి విసురుకు కొన్ని చినుకులు గరాటా దాటిపోతాయి, నేల మీద ఆ నష్టం తక్కువ.

ఉష్ణోగ్రత మీటర్ సంగతి ఇంకా సున్నితం. మే నెలలో స్లాబు మీద ఎండలో పెట్టిన మీటర్ 50 దాటి చూపిస్తుంది. అది స్లాబు వేడి, ప్లాస్టిక్ వేడి. గాలి వేడిని కొలవాలంటే నీడ కావాలి, ఆ నీడలో గాలి ఆడాలి. వాతావరణ శాఖ వాడే తెల్లని జాలీ పెట్టె స్టీవెన్‌సన్ స్క్రీన్. అందులో థర్మామీటర్ నేలకు నాలుగడుగులకు కొంచెం పైన ఉంటుంది, తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది. ఇంట్లో అయితే తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లను సందు వదిలి ఒకదాని కింద ఒకటి బోల్టులతో బిగించి, మధ్యలో సెన్సర్ వేలాడదీస్తే సరిపోతుంది. పడమటి గోడకు, ఏసీ బయటి యూనిట్‌కు దూరంగా ఉంచండి.

గాలి వేగానికి ప్రమాణం పది మీటర్ల ఎత్తు, చుట్టూ మైదానం. సుబేదారిలో అపార్ట్‌మెంట్ల నడుమ అది సాధ్యం కాదు. డబ్బు తక్కువైతే ఈ పరికరం వదిలేయండి. పెట్టేవాళ్లు పైపును గట్టిగా బిగించాలి. మన దగ్గర కోతులున్న వాడల్లో గాలి వేగం కొలిచే కప్పులు మొదట వాటి చేతికే చిక్కుతాయి. ఇనుప పైపుకు ఎర్తింగ్ తప్పనిసరి. ఉరుములు మొదలయ్యాక ఎంత అవసరమైనా డాబా ఎక్కొద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్ దగ్గరలో పిడుగులు పడుతున్నాయేమో చెబుతుంది, ఫోన్‌లో ఉంచుకోండి.

గాలి పీడనం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. డిస్‌ప్లే మీద మబ్బు బొమ్మ, సూర్యుడి బొమ్మ వస్తాయి. పీడనం తగ్గితే వాన అని అది అనుకుంటుంది. చల్లని దేశాల్లో ఆ లెక్క చాలావరకు నడుస్తుంది. మన దగ్గర పీడనం రోజుకు రెండుసార్లు దానంతటదే ఎక్కి దిగుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. వేసవిలో పొద్దున్నుంచి సాయంత్రానికి మూడు, నాలుగు హెక్టోపాస్కల్స్ దిగడం మామూలే. దాన్ని చూసి పెట్టె మబ్బు బొమ్మ వేస్తుంది, వాన రాదు. అందుకని నిన్న ఇదే గంటకు ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది అని పోల్చండి. రోజు రోజుకూ దిగుతూ పోతే బంగాళాఖాతంలో ఏముందో వార్తల్లో చూడండి. ఇంకో మాట: మనం సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉన్నాం, మీటర్ అసలు రీడింగ్ సముద్రమట్టపు అంకె కంటే 30 హెక్టోపాస్కల్స్ దాకా తక్కువ ఉంటుంది. సెట్టింగ్‌లో ఎత్తు సరిగ్గా ఇవ్వండి.

అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో పంపే ఇంటి వాతావరణ కేంద్రాల విషయంలో జాగ్రత్త. అక్కడ అమ్మేవి ఎక్కువగా 915 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చిన తరంగాల్లో అది లేదు. 433 మెగాహెర్ట్జ్ రకం తెమ్మనండి. సొంతంగా కట్టుకునే డిప్లొమా, బీటెక్ పిల్లలకు ఈఎస్‌పీ32 బోర్డు, బాష్ కంపెనీ బీఎంఈ280 సెన్సర్ మంచి జోడీ. వేడి, తేమ, పీడనం మూడూ వస్తాయి. ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఏడాది పాటు ఆగకుండా నడిచిన సొంత రికార్డు చూపించగలిగితే, అది ప్రాజెక్టు రిపోర్టు కంటే బలంగా మాట్లాడుతుంది.

రోజూ ఉదయం 8.30కు రాయాలి. వాతావరణ శాఖ వాన రోజును ఆ సమయం నుంచి ఆ సమయానికే లెక్కిస్తుంది, మీరూ అలాగే రాస్తేనే పోలిక కుదురుతుంది. ఆఫీసుకు బయల్దేరే వేళ కాబట్టి ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పండి. రాయని రోజును సున్నా అని వేయకూడదు, ఖాళీగా వదలాలి. నెలల మొత్తాలతో పాటు కార్తెల వారీగా కూడా కూడండి. మృగశిరలో ఎంత, ఆరుద్రలో ఎంత అని చెబితే ఊళ్లో పెద్దలు వెంటనే పాత ఏళ్లతో పోల్చి మాట్లాడతారు, ఆ సంభాషణ చాలా విలువైనది. మే నెలాఖరులో గరాటాలో దుమ్ము, వేపాకు, పిట్టల రెట్ట, చీమల గూళ్లు తీసేయండి. 200 చదరపు సెంటీమీటర్ల ఆటోమేటిక్ గేజ్‌లో 200 మి.లీ. నీళ్లు అరగంట పాటు నెమ్మదిగా పోస్తే 10 మి.మీ. చూపించాలి.

ఇక పనిలోకి. వర్షాధారపు పత్తి 60 నుంచి 75 మి.మీ. వాన పడి నేల బాగా తడిశాకే విత్తాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మొదటి జల్లుకే విత్తి మొలక మాడ్చుకునే నష్టం ఈ ఒక్క అంకెతో తప్పుతుంది. కానీ సుబేదారి గేజ్ చూసి పరకాలలో విత్తొద్దు. చేను దగ్గర, పాలికాపు ఇంటి ముందు, రెండో గరాటా పెట్టించండి. ఫోన్‌లో అంకె చెబితే చాలు. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే కాంక్రీటుకు వేడి వాతావరణపు జాగ్రత్తలు తీసుకోవాలని మన ప్రమాణాలు చెబుతాయి. మే నెలలో ఏ గంటకు ఆ గీత దాటుతోందో మీ రికార్డే చూపిస్తుంది, స్లాబును తెల్లవారకముందే మొదలుపెట్టించవచ్చు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మి.మీ. పడితే నాలుగున్నర వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. ఇంకుడు గుంత సైజు ఆ లెక్కతో తేలుతుంది.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, వాతావరణ సమాచారాన్ని రైతులకు వాళ్ల భాషలో అందించిన ఆంధ్రప్రదేశ్ యువకుడు సాయి ప్రణీత్‌ను 2021 జులైలో ప్రధాని మన్ కీ బాత్‌లో పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఉద్యోగం చేసుకుంటూనే ఈ పని చేయవచ్చనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మీరూ కాలనీ వాట్సాప్ గ్రూపులో అంకె పెట్టండి, పక్కన చోటు, సమయం రాయండి. హెచ్చరికలు మాత్రం వాతావరణ శాఖ ఇచ్చిన రంగుతో సహా యథాతథంగా పంపండి, సొంత భయాలు కలపొద్దు.

సైట్ మీద ఉండేవాళ్లు వాన వల్ల పని ఆగిన గంటలను అదే రోజు హిండ్రెన్స్ రిజిస్టర్‌లో, మీ గేజ్ రీడింగ్‌తో కలిపి ఎక్కించి ఇంజనీర్ సంతకం తీసుకోండి. గడువు పొడిగింపు అడిగేటప్పుడు ఆ తేదీలు ఆధారమవుతాయి. బిల్లుకైనా బీమాకైనా సొంత గేజ్ అంకె ఒక్కటే చెల్లదు. ఆ తేదీలు రాసి హైదరాబాద్ వాతావరణ కేంద్రానికి దరఖాస్తు పెట్టుకుంటే రుసుము తీసుకుని అధికారిక లెక్క ఇస్తారు.