పాత పడవ మోటారుకు ఏ పెట్రోలు? ఎంత ఆయిలు?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. గిలకలదిండి, నాగాయలంక తీరాల్లో పడవలు గట్టుకు చేరతాయి. నిషేధం ముగిశాక తాడు లాగితే కొన్ని మోటార్లు అందుకోవు. కొన్ని అందుకున్నా, సముద్రపు మొగ దాటాక ఉన్నట్టుండి పట్టేస్తాయి. అక్కడ మోటారు ఆగితే పోయేది ఒక్క రోజు వేట కాదు, మనిషి ప్రాణానికే ముప్పు. తప్పు చాలాసార్లు మోటారుది కాదు, ట్యాంకులో మిగిల్చిన పెట్రోలుది.

పెట్రోలులో ఏముంది?

ఇప్పుడు బంకుల్లో పోసేది ఒట్టి పెట్రోలు కాదు. 2022లో 10 శాతం, 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. ఉప్పుగాలి తగిలే ఒడ్డున, మూత వదులైన ట్యాంకులో నీరు చేరుతూ పోతే ఒక దశలో ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగుతాయి. మీరు కలిపిన ఆయిలు మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉంటుంది. మోటారు పైపు పీల్చేది అడుగు నుంచే కదా! ఆయిలు అందక పిస్టను పట్టేస్తుంది.

అనుమానం ఉంటే కాస్త పెట్రోలు గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోతే వాడొద్దు. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. వాటిని మార్పించండి.

ఆయిలు ఎంత?

టూ స్ట్రోక్ మోటారుకు విడిగా ఇంజనాయిలు ఉండదు. పెట్రోలులో కలిపిందే దిక్కు. మోటారు పుస్తకంలో 50:1 అని ఉంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 400 మిల్లీలీటర్లు పోయాలి. ఎక్కువైతే ప్లగ్గు మసి పడుతుంది, తుడుచుకోవచ్చు. తక్కువైతే పిస్టనే పోతుంది. క్యానులో సగం పెట్రోలు పోసి, ఆయిలు కలిపి బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోయండి.

నీటితో చల్లబడే పడవ మోటారుకు డబ్బామీద టీసీ-డబ్ల్యూ3 అని రాసిన ఆయిలే వాడాలి. మోటారు సైకిలు టూటీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్లకు. మొవ్వ, పామర్రు వైపు వరి రైతులు వాడే టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్లకు అది సరిపోతుంది, పడవ ఆయిలు సరిపోదు. వాడి తీసిన ఆయిలు, ట్రాక్టరు ఆయిలు దేనికీ కలపొద్దు. పెట్రోలు మోటారులో కిరోసిన్ కలిపితే ఇంజను కొట్టుకుంటుంది. కిరోసిన్ మోటార్ల తయారీయే వేరు.

నిషేధానికి ముందు

మోటారు కింది భాగాన్ని మంచినీటి డ్రమ్ములో ముంచి కాసేపు నడపండి. లోపలి ఉప్పు పోతుంది. నీళ్లు లేకుండా నడిపితే పంపులోని రబ్బరు చక్రం క్షణాల్లో కాలిపోతుంది. తర్వాత పెట్రోలు పైపు ఊడదీసి, మోటారు దానంతటదే ఆగేదాకా ఉంచండి. కార్బొరేటరు ఖాళీ అవుతుంది. ట్యాంకులోనూ చుక్క మిగల్చొద్దు.

అడుగున గేరు ఆయిలు దించి చూడండి. పాల టీ రంగులో ఉంటే సీలు దాటి నీరు దిగినట్టే. సీలు మార్పించి, కింది రంధ్రం నుంచి కొత్త ఆయిలు ఎక్కించండి. పై రంధ్రం నుంచి పొంగితే నిండినట్టు.

జూన్‌లో పడవ దించేటప్పుడు తాజా పెట్రోలే పోయండి. ముందు ఒడ్డు దగ్గరే ఓ గంట నడిపి చూసుకుని, ఆ తర్వాతే మొగ దాటండి.