కాళ్లు బిగిసినచో వాతమని ఊరకుండరాదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతములలో బోరునీరు గ్రానైటు రాతి పగుళ్లనుండి వచ్చును. ఆ రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరిగి, ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలలో చేరును. ఈ ఫ్లోరోసిస్ జబ్బును 1937లో నాటి మద్రాసు రాష్ట్రములో షార్ట్ అను వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించిరి. నడుము, మెడ వంగకపోవుట రైతులెరిగినదే. వెన్నుపాముకు కలుగు హాని మాత్రము పలువురెరుగరు.

మోకాలిచిప్ప దిగువన తట్టినచో కాలు కొద్దిగా ఎగురును. ఇది మన ప్రయత్నము లేకయే వెన్నుపాము జరుపు ప్రతీకార చర్య. మెదడు దీనిని పగ్గమువలె అదుపులో ఉంచును. ఫ్లోరైడు వలన వెన్నుపూసలు పెరిగి, లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలిగినచో ఆ పగ్గము సడలును. అప్పుడు చిన్న దెబ్బకే కాలు బలముగా ఎగురును.

గురుతులు

1. కాళ్లు కట్టెలవలె బిగిసి, నడకలో పాదములు ఈడ్చుకొనిపోవుట.
2. అరికాలు గీరినపుడు బొటనవ్రేలు పైకి లేచుట.
3. వ్యాధి ముదిరినపుడు మూత్రము అదుపు తప్పుట.

వెన్నెముక క్షయ, పక్షవాతము, విటమిన్ బి12 లోపము, కేసరిపప్పును నెలల తరబడి ముఖ్యాహారముగా తినుట కూడ ఇట్టి బిగువును కలిగించును. కావున వైద్యుని పరీక్ష లేనిదే కారణమును నిర్ణయించుకొనరాదు. ఆయన సుత్తితో తట్టి చూచి, ముంజేతికి, వెన్నుకు ఎక్స్‌రే తీయించును. ముంజేతి రెండెముకల నడుమ పొర గట్టిపడి కనిపించుట ఫ్లోరోసిస్‌కు ముఖ్యమైన ఆనవాలు. మూత్రములో ఫ్లోరైడును కొలిపించును. వెన్నుపాము నలిగినదేమో ఎం.ఆర్.ఐ. తేల్చును. ఏ బావి, ఏ బోరు నీరు ఎన్నేండ్లు త్రాగితిరో ఆయనకు తప్పక చెప్పుడు.

నలిగిన వెన్నుపామును మందులు బాగుచేయలేవు. శస్త్రచికిత్స కొందరికే కొంత మేలు చేయును. కావున నడక మారినదని తోచిన వెంటనే ఆసుపత్రికి పోవలెను.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు అనుమతి కలదు. తేటగా, రుచిగా ఉన్నదని నమ్మి త్రాగరాదు. మరిగించినచో ఫ్లోరైడు పోదు, నీరింకి మరింత చిక్కనగును. ఇంట కుళాయి ద్వారా మిషన్ భగీరథ నీరు త్రాగి, పొలమున దాహమునకు బోరు క్రింద దోసిలి పట్టినచో ప్రయోజనమేమి? పైరుకు పనికివచ్చు నీరెల్ల మనిషికి పనికిరాదు. ఇంటినుండి నీరు వెంట తీసికొనిపొండు. కూలీలకును అదే ఇండు. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, చింతపండు ఆహారములో ఉండునట్లు చూచుకొనుడు.