పెరటి ఓషధులు – ఇంటి తెలుగు
మన ఏళాయిరంపన్నై ప్రాంతపు నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును, వానకు ముద్దయగును. కావున పెరటి కుండలలో ఆ మట్టితో ఇసుకను, చివికిన పశువుల ఎరువును కలుపవలెను. కుండ అడుగున రంధ్రముండవలెను. కొత్తిమీర ఎండవేడికి త్వరగా పూతకు వచ్చును. దానికి డిసెంబరు, జనవరి చలిదినములే అనువైనవి. ధనియములను రెండు బద్దలుగా నలిపి చల్లవలెను. వామాకు, పుదీనా కొమ్మ నాటిన బ్రదుకును. పుదీనాకు కొంత నీడయు, తడియు కావలెను. తులసికి ఎండ కావలెను.

ఈ కుండల పోషణను పిల్లలకే అప్పగింపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. 2006లో తమిళనాట తమిళాభ్యసన చట్టము వచ్చినది. తమిళమును బడి నేర్పును. మన బిడ్డలు దానిని చక్కగా నేర్వవలసినదే. కాని ‘కర్పూరవల్లి’ని వామాకనియు, ‘కొత్తమల్లి’ని కొత్తిమీరయనియు పిలుచుట ఇంటనే అలవడవలెను. నీరు పోయునపుడెల్ల తెలుగు పేరు చెప్పింపుడు.