మందు కల్లు: ఒక్కసారిగా ఆపినా ప్రాణం మీదికే

రుద్రూర్‌లోనూ, బోధన్ - బాన్సువాడ రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లలోనూ మత్తు అంటే ముందు గుర్తొచ్చేది కల్లు. చెట్టు నుంచి దింపిన కల్లు కాదు, సీసాల్లో వచ్చే మందు కల్లు. ఈత, తాటి చెట్లు ఏడాది పొడవునా ఊరందరికీ సరిపడా కల్లు ఇవ్వవు. ఆ కొరతను నీళ్లతో, శాకరిన్‌తో పూడ్చి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు.

2025 ఏప్రిల్‌లో మన పక్కనే, కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు తాగి యాభై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అంతకు పదేళ్ల ముందు, 2015లో, ఇంకో రకంగా జరిగింది. అధికారులు దాడులు చేసి కల్తీని బంద్ చేయించగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది కల్లు లేక వణుకుతూ, ఫిట్స్‌తో, మతి తప్పి ఆస్పత్రులకు చేరారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తాగితే ఒక గండం, ఒక్కసారిగా మానితే మరో గండం. ఈ రెండోది చాలా ఇళ్లలో తెలియదు.

చేయకూడనివి

ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడకండి. కల్లు పడని మరునాడు అతని చేతిని గమనించండి. చాయ్ గ్లాసు పెదవి దాకా వచ్చేలోగా సగం ఒలికిపోతుంది. ఒళ్లంతా చెమట, కంటి మీద కునుకు ఉండదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. ఇది గాలి సోకడం కాదు, తాయెత్తుతో తగ్గదు. మత్తుమందుకు అలవాటుపడిన మెదడు ఎదురు తిరగడం అది. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. మత్తులో పడి ఉన్నవాడికి మజ్జిగ, నిమ్మరసం పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కల్లు మీద సారా, నిద్రమాత్రలు వద్దే వద్దు. ఇవి కలిస్తే శ్వాస మందగించి, నిద్రలోనే ఆగిపోవచ్చు. ఏడుస్తున్న పసిబిడ్డకు, గర్భిణికి "చల్లదనం" పేరుతో చుక్క కూడా పట్టకండి. కోతల కాలంలో తాగి ధాన్యం ట్రాక్టర్ ఎక్కకండి.

చేయవలసినవి

ముందు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి అన్నది దాచకుండా చెప్పండి. దాన్ని బట్టే మందు ఇచ్చి, మోతాదును మెల్లగా తగ్గిస్తారు.

స్పృహ లేనివాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. సీసాలో మిగిలిన కల్లును పారబోయకుండా ఆస్పత్రికి పట్టుకుపోండి. ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్న రాళ్లు, గట్టి సామాను తీసేయండి. అయిదు నిమిషాలు దాటినా, మళ్లీ మళ్లీ వచ్చినా ప్రాణాపాయమే.

తాగుబోతు అని నలుగురిలో తిట్టడం మానుదాం. 2019లో వెలువడిన ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వే ప్రకారం 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు, వారిలో 5.7 కోట్ల మందికి వైద్య సాయం కావాలి. సిగ్గుపడి ఇంట్లో దాక్కున్న రోగికి ఆ సాయం ఎలా అందుతుంది?

మత్తు మానాలనుకునేవారు 14446కు, మనసు కలత చెందినప్పుడు టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. ఈ రెండు నంబర్లూ ఇవాళే ఇంటి గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టండి.